ఓదార్చబోతే ఎందుకు ముడుచుకుపోతున్నారు?

సమస్య: దగ్గరివాళ్లు మీతో మనసులో మాట చెప్పుకున్నారు. మీరు మంచి సలహానే ఇచ్చారు. "సరేలే, నీకర్థం కాదు" అంటూ ఫోన్ పెట్టేశారు.

కారణం: సలహాలో తప్పుండకపోవచ్చు, అడిగింది అది కాదు. సాయం కష్టానికి తగ్గట్టు ఉండాలని మనస్తత్వవేత్తలు కట్రోనా, రస్సెల్ 1990లో ప్రతిపాదించారు. చక్కదిద్దగలిగే ఇబ్బందికి దారి చూపాలి, చేయి దాటిపోయినదానికి తోడుగా ఉండాలి. ఓదార్పు మాటల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన బ్రాంట్ బర్ల్‌సన్ చెప్పిందీ దీనికి దగ్గరే. "దీనికే ఇంత బాధా?" అంటే మనిషి ఇంకా కుంగిపోతాడు. ఆ బాధకు కారణముందని ఒప్పుకుని, దాని గురించి మాట్లాడనిస్తే తేలికపడతాడు.

పరిష్కారం: ఆఖరి వాక్యం పట్టుకోండి. ఉద్యోగం పోయిన స్నేహితుడు "ఇంట్లో ఎలా చెప్పాలో తెలియట్లేదురా" అన్నాడనుకుందాం. "ఇంకోటి దొరుకుతుందిలే" అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. అతని భయం ఉద్యోగం గురించి కాదు, ఇంటి గురించి. "ఎవరికి చెప్పాలంటే భయంగా ఉంది?" అనండి. తర్వాత ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మనం నింపకూడదు. నాకైతే అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఏం కావాలో తేలకపోతే "వింటే చాలా, ఏమైనా చెప్పమంటావా?" అని నేరుగా అడిగేయండి.

సమస్య: ఇంత చేస్తున్నా చిరాకు పడుతున్నారు.

కారణం: సాయం కంటికి కనిపించినకొద్దీ "నా వల్ల కావట్లేదు" అన్న భావం పెరగొచ్చు. లాయరు కావడానికి రాసే న్యూయార్క్ బార్ పరీక్షకు చదువుతున్నవాళ్లతోనూ వాళ్ల జీవిత భాగస్వాములతోనూ రోజూ డైరీ రాయించి, మనస్తత్వవేత్త నియాల్ బోల్జర్ బృందం 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. భాగస్వామి సాయం చేశానని రాసి, అందుకున్నవాళ్లు గమనించని రోజుల్లో దిగులు తక్కువగా కనిపించింది.

పరిష్కారం: చెప్పకుండా గిన్నెలు కడిగేయండి. "నీకోసమే చేశాను" అనకండి.

సమస్య: శుభవార్త చెప్పడం మానేశారు.

కారణం: "ఓ, మంచిది" అని మీరు మళ్లీ ఫోన్‌లోకి తల దించి ఉంటారు. మంచి కబురుకు ఉత్సాహంగా స్పందించే జంటల్లో బంధం మెరుగ్గా ఉందని మనస్తత్వవేత్త షెల్లీ గేబుల్ బృందం 2004లో చూపింది. కష్టంలో ఆదుకోవడం గురించే మనం ఎక్కువగా మాట్లాడుకుంటాం, సంతోషంలో పాలుపంచుకోవడాన్ని అంతగా పట్టించుకోం.

పరిష్కారం: "ఎప్పుడు తెలిసింది? ముందు ఎవరికి చెప్పావు?" అని అడగండి.

సమస్య: గంటలకొద్దీ మాట్లాడుకున్నా ఇద్దరికీ భారమే మిగులుతోంది.

కారణం: ఒకే గాయాన్ని కలిసి మళ్లీ మళ్లీ కెలకడం. పిల్లల్లో, కౌమారంలో ఇలాంటి మాటలకు గాఢమైన స్నేహంతో పాటు దిగులుతోనూ సంబంధముందని మనస్తత్వవేత్త అమాండా రోజ్ 2002లో గమనించారు.

పరిష్కారం: విన్నాక "రేపు పొద్దున్న మొదట ఏం చేద్దాం?" అని మళ్లించండి. వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే వైద్యుడి దగ్గరికి మీరే తోడు వెళ్లండి.