ఇల్లు అమ్మే ముందు – 3వ పాఠం: గోడలో చెమ్మ

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? కొనడానికి వచ్చినవాళ్లలా వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి ఇల్లంతా తిరిగి, కంటికి ఆనిన ప్రతి లోపమూ ఒక కాగితం మీద రాయమన్నాను. చేయకపోతే ముందు అది చేసి రండి, ఇవాళ పనంతా ఆ కాగితంతోనే. అందులో మచ్చ, ఉబ్బు, పెచ్చులు, ముక్క వాసన అని ఎక్కడెక్కడ రాసుకున్నారో వాటికి సున్నా చుట్టండి.

రంగు డబ్బా మాత్రం ఇంకా తేవద్దు.

మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు పడగ్గది మూలలో అరచేయంత మచ్చ ఉంటే, రెండు పూతలు వేస్తే పోతుందిలే అనుకుని వేసేశాను. పది రోజులు తిరక్కముందే అదే మచ్చ, ఈసారి అంచులు పసుపు తిరిగి, చుట్టూ కొత్త తెలుపు ఉండటంతో ఇంకా కొట్టొచ్చినట్టు తేలింది. ఇల్లు చూడటానికి వచ్చినాయన దాని మీద వేలితో రుద్ది "రంగు ఈమధ్యే వేశారా?" అని ఒక్క మాట అడిగాడు, అంతే. అప్పటిదాకా గదులు చూస్తున్న మనిషి, అక్కణ్ణుంచి సింకు కింద కూడా తలపెట్టి చూడటం మొదలుపెట్టాడు.

నీటి మరక మీద మామూలు నీటి రంగు వేస్తే, ఆ రంగులో ఉన్న నీరే మరకను మళ్లీ కరిగించి పైకి లాగుతుంది. గోడ ఆరిపోయి ఉన్నా సరే ఇది జరుగుతుంది. ఇక లోపల తడి కూడా ఉంటే రంగు బుడగలు కట్టి ఊడుతుంది. అందుకే ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోవాలి, ఈ పాఠంలో అసలు పని ఇదే.

మచ్చ ఉన్న చోటే సగం చెప్పేస్తుంది. నేల నుంచి ఇంచుమించు మీటరు ఎత్తు దాకా గోడ పొడుగునా పాకి, పైన తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే అది పునాది నుంచి ఎక్కుతున్న చెమ్మ కావచ్చు. పైకప్పులో వలయాల్లా ఉంటే పైనుంచి కారుతోంది. బాత్రూమ్ గోడకు అవతలి వైపు ఉంటే పైపునో, టైల్స్ మధ్య సందులనో అనుమానించాలి. బీరువా వెనకా, మూలల్లోనూ నల్లటి చుక్కల బూజు ఉంటే చాలాసార్లు అది కారడం కాదు, గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతోంది, అక్కడ గాలి ఆడటం లేదు.

తేలకపోతే చిన్న పరీక్ష ఉంది. జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను మచ్చ మీద పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్ అంటించి రెండు రోజులు వదిలేయండి. గది వైపు తడి చేరితే అది గదిలోని ఆవిరి. విప్పి చూస్తే గోడ వైపు తడిగా ఉందా, నీరు గోడలోంచే వస్తోంది.

పైపు మీద అనుమానం ఉంటే, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటర్ అంకె రాసుకోండి, గంట రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో పోతోంది. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి అరగంట నొక్కకుండా ఉంచండి, కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాల్వు మార్చాలి. (ఇది చాలా చవక పని, అయినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు!)

కారణం తెలిశాక రిపేరు సంగతి ఎక్కువ చెప్పను, పైపుకు ప్లంబర్, సందులకు కొత్త గ్రౌట్, ఆవిరికి కిటికీ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ. పునాది చెమ్మ మాత్రం సొంతంగా ముట్టుకోకండి. తెలిసినవాళ్లకు చూపించి ఎంతవుతుందో రాయించుకోండి, బాగుచేయించే ఓపిక లేకపోతే ఆ కాగితం కొనేవాళ్లకు చూపించి బేరంలోనే తేల్చుకోవడం నయం.

ఇప్పుడు గోడ పని. వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి, డొల్ల శబ్దం వచ్చిన ప్లాస్టరింగ్ అంతా గీకేయాల్సిందే, దాని మీద ఏం పూసినా దానితోపాటే ఊడుతుంది. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. బూజుకు మాత్రం తిరగేసి చేయాలి: పొడిగా రుద్దితే గాల్లోకి లేస్తుంది, తడి గుడ్డతో తుడవండి. కొత్తగా సిమెంట్ పూస్తే రంగుకు ముందు నాలుగు వారాలైనా ఆగాలి, అందుకే ఈ పాఠాన్ని ముందు పెట్టాను. ఆరాక మరకను ఆపే ఆయిల్ ప్రైమర్, తర్వాతే రంగు, అదీ మచ్చ మేరకు కాదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా. అతుకు వేసినట్టు కనబడితే మచ్చే నయం.

రిపేరు ముందూ తర్వాతా ఫోటోలు తీసి, బిల్లులు ఒక కవర్లో పెట్టండి. అడిగినప్పుడు చూపించవచ్చు.

వచ్చే పాఠం పగుళ్ల గురించి, దానికి ఇప్పటి నుంచే ఒక పని. ఇంట్లో ప్రతి పగులుకూ రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన ఇవాళ్టి తేదీ వేయండి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు అసలు వదలకండి, వాటి వెడల్పు కూడా మిల్లీమీటర్లలో కొలిచి రాసి ఉంచండి.