పిండంలో డీఎన్‌ఏ తెగిందో లేదో చూడటం: కామెట్ పరీక్ష

కామెట్ పరీక్ష అంటే, కణాల్ని జెల్‌లో పెట్టి కరెంటు ఇస్తే తెగిన డీఎన్‌ఏ ముక్కలు తోకలా సాగుతాయి, ఆ తోకను కొలవడమే. తిరుపతిలో మే నెలలో ఈ పని పెట్టుకుంటే ముందు ఏసీ పనిచేస్తోందో లేదో చూసుకోండి. జోక్ కాదు, వేడి గదిలో అగరోజ్ (పిండాల్ని పట్టి ఉంచే జెల్) సరిగ్గా గడ్డకట్టక ముందే తొందరపడి స్లైడ్‌ని లైసిస్ ద్రావణంలో, అంటే కణాల పొరల్ని కరిగించేదాంట్లో, దించాను, జెల్ మొత్తం పెసరట్టులా ఊడి తేలింది, అందులో పన్నెండు గేదె పిండాలు. కబేళా నుంచి అండాశయాలు తెచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే మూడు రోజుల కష్టం.

రెండు, నాలుగు కణాల దశ పిండాలైతే మేలు, కణాలు ఎక్కువైతే తోకలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ముందు ప్రోనేజ్ అనే ఎంజైమ్‌తో పిండం చుట్టూ ఉండే జోనా పొర తీసేయండి. బద్ధకించి వదిలేశారో, దానికి అంటుకున్న వీర్యకణాల డీఎన్‌ఏ కూడా స్లైడ్ మీదకొచ్చి లెక్క చెడగొడుతుంది. అండం చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ కణాలదీ అదే గొడవ, సన్నటి పిపెట్‌తో రెండు మూడు సార్లు కడగాల్సిందే.

తర్వాత 37 డిగ్రీల దగ్గర ఉంచిన లో మెల్టింగ్ (తక్కువ వేడికే కరిగే) అగరోజ్ చుక్కలోకి పిండాన్ని వీలైనంత తక్కువ మీడియాతో (పిండాన్ని పెంచే ద్రవం) వదలండి, మీడియా ఎక్కువైతే జెల్ పల్చబడుతుంది. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాకే లైసిస్, అదీ చల్లగా, కనీసం గంట. ఆపైన పీహెచ్ 13 దాటిన క్షార ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, అందులోనే సెంటీమీటరుకి ఒక వోల్టు మించకుండా కరెంటు పెట్టండి. తెగిన ముక్కలు తోకచుక్కలా సాగుతాయి. ట్రిస్ బఫర్‌తో న్యూట్రల్ చేసి, రంగు వేసి, తోకలో ఎంత శాతం డీఎన్‌ఏ ఉందో కొలవడమే. పక్కన చిన్న చుక్క ఉంటే అది అండం విడిచిపెట్టిన చిన్న ముక్క, పోలార్ బాడీ కావచ్చు, దాన్ని కణంగా లెక్కేయకండి.

అసలు చిక్కేంటంటే, మీరు చూసే డ్యామేజీలో కొంత మీ చేతులతోనే చేసింది కావచ్చు. అందుకే ఏమీ చేయని పిండాలు కొన్ని, డీఎన్‌ఏని కావాలనే తెంపడానికి 100 మైక్రోమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఐస్ మీద కాసేపు ఉంచినవి కొన్ని, రెండూ ప్రతిసారీ పెట్టండి. ఏమీ చేయనివాటికే పొడుగు తోకలొచ్చాయా, ఆ రోజు ఫలితం పక్కన పడేయండి. మొదట్నుంచీ లైట్లు తగ్గించి పనిచేయండి.

గామా హెచ్2ఏఎక్స్ (డీఎన్‌ఏ తెగిన చోట గుర్తుగా ఏర్పడే ప్రోటీన్ రూపం) రంగు వేస్తే సులువు కదా అంటారు. సులువే, కానీ ఏ దెబ్బా తగలని ఎలుక పిండాల్లోనూ తొలి దశల్లో ఆ సిగ్నల్ కనబడుతుంది, కాబట్టి చుక్కలు కనిపించగానే తెగిందని రాసేయకండి.

స్లైడ్ల మీద పెన్సిల్‌తోనే రాయండి, ఆల్కహాల్ తగిలితే మార్కర్ చెరిగిపోతుంది. కోడ్ నంబర్లు మాత్రం పక్కవాళ్ల చేత వేయించుకోండి, ఏ స్లైడ్ ఏదో తెలిస్తే తోకలు మనకి కావాల్సినంత పొడుగే కనిపిస్తాయి.