బొటాక్స్, ఫిల్లర్: ముందు ముహూర్తం లెక్క చూసుకోండి

మా తమ్ముడి నిశ్చితార్థానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు బుగ్గల్లో ఫిల్లర్ (నిండుగా కనిపించేలా చర్మం కింద సూదితో నింపే మందు) వేయించుకున్నాను. ఆ ఫోటోల్లో ఎడమ బుగ్గ మీద వంకాయ రంగు మచ్చ, దాని మీద మందంగా పూసిన కన్సీలర్ ఇప్పటికీ కనిపిస్తాయి. తప్పు డాక్టర్‌ది కాదు. తేదీ పెట్టింది నేనే, ముందు రెండు రోజులు నడుం నొప్పికని ఐబుప్రోఫెన్ మాత్రలు మింగి ఆ సంగతి చెప్పనిదీ నేనే.

బొటాక్స్ అంటే ముడతలు తెచ్చే కండరాన్ని సడలించే సూదిమందు, వేయగానే ముడతలు పోవు. మూడు నాలుగు రోజులకి మొదలై, పూర్తిగా తెలిసేసరికి రెండు వారాలవుతుంది, టచప్ కావాలంటే అప్పుడే చేస్తారు. ఫిల్లర్ వెంటనే కనిపిస్తుంది కానీ వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు. కాబట్టి ముహూర్తం నుంచి వెనక్కి కనీసం నెల లెక్కపెట్టండి. మనకి ఇంకో చిక్కుంది: పెళ్లికూతుర్ని చేసే రోజు పిన్నులూ అత్తలూ వరసకట్టి నలుగు పెడతారు, ఎంత మెల్లగా అన్నా వినరు, కొత్తగా సూది పడిన మొహం ఆ రుద్దుడికి పనికిరాదు.

బెజవాడ సూర్యారావుపేటలో అడుగడుగునా ఒక క్లినిక్, గుంటూరు కొత్తపేటలోనూ అంతే, అందుకని ఆఫర్ చూసి దూరిపోకండి. చర్మవ్యాధుల్లో ఎం.డి. చేసినవాళ్లో, ప్లాస్టిక్ సర్జనో కావాలి, సూది వేసేది వాళ్లేనా అని కూడా అడగండి. ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు, సీసా మీ ముందే తీస్తారా, ఇవి అడగడానికి మొహమాటం వద్దు. ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ క్లినిక్‌లో ఉందా అని తప్పకుండా అడగండి. హయలురోనిక్ ఆసిడ్ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే కరిగించే మందు అదే, అది లేనిచోట నేనైతే కూర్చోను.

డాక్టర్‌కి అన్నీ చెప్పేయండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, చేప నూనె గుళికలు, విటమిన్ ఇ, ఇవన్నీ కమిలే అవకాశాన్ని పెంచుతాయి, మామూలుగా వారం ముందు ఆపమంటారు. కానీ గుండె డాక్టర్ రాసిన రక్తం పల్చబడే మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు, మచ్చ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడమే మంచిది. మయస్థీనియా లాంటి నరాల, కండరాల జబ్బున్నవాళ్లకి బొటాక్స్ ప్రమాదం. పెదాల దగ్గర తరచూ నీటి పొక్కులు వచ్చేవాళ్లు పెదాలకి ఫిల్లర్ అనుకుంటే ముందే చెబితే మాత్రలిస్తారు. మొహం మీద చీము పట్టిన మొటిమ ఉంటే ఆ రోజుకి వద్దు. పళ్ల క్లీనింగ్, రూట్ కెనాల్ ఉంటే ఫిల్లర్‌కి అటూఇటూ రెండు వారాల ఎడం.

ముందు రోజు మద్యం ముట్టకండి. వెళ్లేరోజు ఏదైనా తినే వెళ్లండి, ఖాళీ కడుపుతో సూది చూస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. మేకప్ వద్దు. తిమ్మిరి క్రీమ్ రాస్తే అరగంట పైనే కూర్చోవాలి. నన్నైతే బొటాక్స్ అప్పుడు డాక్టర్ కోపంగా మొహం పెట్టమన్నారు, నవ్వాగలేదు, మూడోసారికి కనుబొమలు ముడిపడ్డాక తెల్ల పెన్సిల్‌తో ఐదు చుక్కలు పెట్టారు. ఫోటో అప్పుడే తీయించుకోండి, తర్వాత పోల్చి చూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

స్కూటీ మీద వెళ్లొద్దు, బిగుతు హెల్మెట్ నుదురు మీద నొక్కుతుంది, ఆటో మాట్లాడుకోండి. మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ అసలే వద్దు, సాయంత్రం పెట్టించుకోండి. బొటాక్స్ అయ్యాక నాలుగు గంటలు పడుకోకూడదు, మొహం రుద్దకూడదు, జిమ్ మర్నాటికి. దుర్గమ్మ మెట్లెక్కే మొక్కుంటే అదీ ఇంకో రోజుకి.

బయటికొచ్చేముందు రాత్రిపూట ఎవరో ఒకరు ఎత్తే ఫోన్ నంబరు తీసుకోండి. ఫిల్లర్ తర్వాత చర్మం తెల్లగా పాలిపోయినా, వలలా నీలి మచ్చలు తేలినా, భరించలేని నొప్పి వచ్చినా వెంటనే చేయాలి, పొద్దున చూద్దాంలే అనొద్దు. చూపు మసకబారినా, బొటాక్స్ తర్వాత మింగడం, ఊపిరి కష్టమైనా ఫోన్ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకే.