ఇంట్లో కారు కడగాలంటే ముందు మంచి గుడ్డలు కొనండి

కారు కడిగే సామాను కొందామని బయల్దేరిన వాళ్లు ముందు షాంపూల దగ్గర ఆగిపోతారు. ఏ కంపెనీది, ఎంత నురగ వస్తుంది, వాసన ఎలా ఉంది అని చూస్తారు. నన్నడిగితే ముందు గుడ్డలు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే షాంపూ.

పెయింట్ మీద కనిపించే సన్నటి గీతలు చాలావరకు తుడిచేటప్పుడు పడేవే. రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంతకన్నా మందంగా ఉంటుంది. మా మియాపూర్ వైపు ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇసుక, సిమెంటు దుమ్ము కారు మీద పడుతూనే ఉంటాయి. ఆ దుమ్ము మీదే గుడ్డ వేసి రుద్దితే ఒక్కో రేణువు ఒక్కో గీత గీస్తుంది. రాత్రి సెల్లార్‌లో ఫోన్ టార్చ్ వేసి బానెట్ చూడండి, వెలుగు చుట్టూ సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. మా కారు ముదురు నీలం. ఆ రంగు మీద ఏదీ దాగదు, అందుకే నాకీ పట్టింపు.

కడగడానికి చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ (చాలా సన్నటి సింథటిక్ పోగుల గుడ్డ) మిట్ ఒకటి తీసుకోండి. పోగులు పొడుగ్గా, వేళ్లలా వేలాడేది మంచిది. ఇసుక ఆ పోగుల్లోకి పోతుంది, పెయింట్‌కి రాసుకోదు. స్పాంజ్ నున్నగా ఉంటుంది కాబట్టి ఇసుకకి లోపలికి పోయే దారి లేదు. పాత బనియన్లు, పసుపు రంగు డస్టర్లు, గిన్నెలు తోమే పీచు పెయింట్ దగ్గరికి రానివ్వకండి.

తుడవడానికి వేరే టవల్ ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డల మీద జీఎస్ఎం అని అంకె ఉంటుంది, అది చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెబుతుంది. 300, 400 ఉన్నవి మామూలు పనులకి చాలు. కారు మొత్తం ఆరబెట్టడానికి 800 అయినా ఉన్న పెద్ద టవల్ తీసుకుంటే మధ్యలో పిండే పని తగ్గుతుంది. కొనేటప్పుడు అంచు మీద వేలు పెట్టి రుద్ది చూడండి. గట్టి నైలాన్ దారంతో కుట్టిన అంచు గరుకుగా తగులుతుంది, అది వద్దు. మెత్తటి గుడ్డతో మడిచి కుట్టినదో, అసలు కుట్టే లేనిదో ఎంచుకోండి. కుట్టేసిన లేబుల్ ఉంటే ఇంటికి రాగానే కత్తిరించేయండి. అద్దాలకి ఒకటి, చక్రాలకి ఒకటి విడిగా, వేరే రంగులవి పెట్టుకోండి. చక్రాల గుడ్డ ఎప్పటికీ చక్రాలకే.

బకెట్లు రెండు కావాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మిట్‌ని ముందు మామూలు నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. ఇంటికి రంగులేయించినప్పుడు మిగిలిన 20 లీటర్ల పెయింట్ బకెట్లు శుభ్రంగా కడిగితే ఈ పనికి బాగా పనికొస్తాయి.

ప్రెషర్ వాషర్ లేదని టెన్షన్ పడకండి. నర్సరీల్లో మొక్కలకి మందు కొట్టే రెండు లీటర్ల చేతిపంపు స్ప్రేయర్ దొరుకుతుంది. మందు కొట్టినది కాకుండా కొత్తది కొనండి. చెయ్యి తగలకముందే దాంతో కారంతా తడిపి, కాసేపు నాననిచ్చి, మగ్గుతో నీళ్లు పోస్తే ఇసుక చాలావరకు జారిపోతుంది. పిట్ట రెట్ట గట్టిపడితే తడిగుడ్డ దాని మీద పరిచి కొన్ని నిమిషాలు ఉంచండి, గోకకండి.

ఇక నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అవి ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి, ఎండలో వేడెక్కిన బానెట్ మీద అయితే ఇంకా మొండిగా పట్టేస్తాయి. అందుకే పొద్దున్నే, నీడలో, ఒక్కో భాగం కడిగి అది ఆరేలోపు తుడిచేయాలి. నీళ్లు వృథా కాకూడదని చాలామంది ఆర్వో ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్లు పట్టి కారుకి వాడతారు. ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్లలో ఉప్పులు మామూలు నీళ్లకన్నా ఎక్కువ. వాటిని చక్రాలకి, రబ్బరు మ్యాట్లకి వాడండి. చివర్లో స్ప్రేయర్‌లో తాగే ఆర్వో నీళ్లు పోసి ఒకసారి కారంతా కొడితే మచ్చల బాధ బాగా తగ్గుతుంది.

షాంపూ సంగతి చిన్నదే. పీహెచ్ న్యూట్రల్, అంటే ఆమ్లమూ క్షారమూ కానిది, అని రాసి ఉన్న కార్ షాంపూ ఏదైనా సరే, సీసా మీద రాసిన కొలతే వేయండి. బట్టల పొడి, గిన్నెల లిక్విడ్ వద్దు, మైనం పూత వేయించి ఉంటే అవి దాన్ని లాగేస్తాయి. టైర్లకి మెరుపునిచ్చేవి, డాష్‌బోర్డు పాలిష్ మొదట్లో అక్కర్లేదు.

ఇవన్నీ కలిపి సుమారు రెండు వేల రూపాయల్లో అయిపోతాయి. కడిగేటప్పుడు ముందు చక్రాలు, తర్వాత రూఫ్, అక్కడి నుంచి కిందికి రండి. డోర్ల అడుగు భాగం ఆఖర్న. చెయ్యి గుండ్రంగా తిప్పకుండా తిన్నగా, ఒత్తకుండా నడపాలి. గుడ్డ నేల మీద పడిందా, ఆ పూటకి దాన్ని పక్కన పడేసి వేరేది తీయండి.

అపార్ట్‌మెంట్‌లో రోజూ కార్లు తుడిచే మనిషి ఉంటే ఆయనకీ మీ గుడ్డలే ఇవ్వండి. ఒకే తడిగుడ్డతో ఇరవై కార్లు తుడవాల్సి వస్తే ముందు కార్ల ఇసుకంతా మీ కారు మీదికి వస్తుంది. పొడి దుమ్ము తుడవద్దని, వారానికి ఒక్కసారి నీళ్లు పోసి కడిగితే చాలని చెప్పండి. డబ్బులు మాత్రం తగ్గించకండి.

వాడిన గుడ్డలు ఇంట్లో బట్టలతో కలిపి మెషీన్‌లో వేయకండి, నూలు బట్టల పీచు వాటికి అంటుకుంటుంది. చల్లటి నీళ్లు, కొద్దిగా లిక్విడ్ డిటర్జెంట్ చాలు. బట్టలు మెత్తబడ్డానికి వేసే కండిషనర్ వేస్తే పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు. నీడలో ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టేయండి.