ఫోనులోని శబ్దాలను మనకు తగినట్టు మార్చుకునే పద్ధతి

ఒకే ఇంట్లో ఒకే కంపెనీ ఫోన్లు రెండు మూడు ఉంటే, ఒకటి మోగగానే అందరూ తమ ఫోను కోసం వెతుక్కుంటారు, ఎందుకంటే ఆ ఫోన్లన్నీ తయారైనప్పుడు పెట్టిన శబ్దంతోనే మోగుతుంటాయి. తెర వైపు చూడకుండానే పిలుస్తున్నది ఎవరో, వచ్చిన కబురు వెంటనే చూడవలసినదో కాదో చెవికి తెలియాలి. శబ్దాల ఎంపిక అంతా ఈ అవసరాన్ని బట్టే సాగాలని నా అభిప్రాయం.

ముందుగా ఏది మార్చగలమో, ఏది మార్చలేమో తెలుసుకోవాలి. రింగ్‌టోన్, నోటిఫికేషన్ శబ్దం, అలారం ఈ మూడింటినీ దాదాపు ఏ ఫోనులోనైనా మార్చవచ్చు. కీబోర్డు టిక్కు, తెర లాక్ అయినప్పుడు వచ్చే చప్పుడు, ఛార్జర్ తగిలించినప్పుడు వినిపించే సూచన వంటివి మాత్రం సిస్టమ్ భాగంలో ఉంటాయి కాబట్టి, వాటిని ఆపుకోవడం లేదా ఉంచుకోవడం తప్ప సాధారణంగా మరో దారి ఉండదు. ఫోనును రూట్ చేసి, అంటే సిస్టమ్ భాగాన్ని మార్చే పూర్తి అధికారం తెచ్చుకుని, వాటిని కూడా మార్చేవారు ఉన్నారు కానీ, రూట్ చేసిన ఫోనులో చాలా బ్యాంకు యాప్‌లు పనిచేయడానికి నిరాకరిస్తాయి కనుక, ఒక చిన్న టిక్కు శబ్దం కోసం ఆ పని చేయవద్దనే చెబుతాను.

అసలు శ్రద్ధ పెట్టవలసినది శబ్దాన్ని సిద్ధం చేసుకోవడంలోనే. ఫోను స్పీకరు చాలా చిన్నది. మృదంగం, బేస్ గిటార్ వంటి వాటి మంద్ర ధ్వనులు అందులో దాదాపు వినిపించవు. మనిషి చెవి సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్‌ల (సెకనుకు ఇన్ని కంపనాలనే లెక్క) మధ్య ధ్వనులను బాగా పట్టుకుంటుంది, అయితే వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి ధ్వనులను వినే శక్తే. అందుకే పెద్దవారి ఫోనులో సన్నని కీచు శబ్దాల కంటే మధ్య స్థాయిలో ఉండే గంట, వీణ, వేణువు వంటివి పెట్టడం మేలు. మా అమ్మ ఫోనులో ముందున్న సన్నని శబ్దం ఆమెకు పక్క గదిలోకి వినిపించేది కాదు. వాల్యూమ్ ముట్టుకోకుండా గంట శబ్దం పెట్టిన తరువాత అదే గదిలోంచి లేచి వచ్చి ఫోను ఎత్తడం మొదలుపెట్టింది.

శబ్దాన్ని కత్తిరించడానికి కంప్యూటరులో వాడే, ఉచితంగా దొరికే ఆడాసిటీ ప్రోగ్రామ్ చాలు. ఫైలు తెరిచి, తరంగాల బొమ్మలో మొదట కనిపించే చదును గీతను, అంటే నిశ్శబ్దాన్ని, పూర్తిగా తీసివేయాలి. ఆ అర సెకను ఉంచేస్తే కబురు వచ్చిన తరువాత ఆలస్యంగా మోగినట్టు అనిపిస్తుంది. నోటిఫికేషన్‌కు ఒకటి రెండు సెకన్లు, రింగ్‌టోన్‌కు 20 నుంచి 30 సెకన్లు సరిపోతాయి. చివరి భాగాన్ని ఎంచుకుని ఫేడ్ అవుట్ ఇస్తే శబ్దం మెల్లగా తగ్గుతుంది, ఠక్కున తెగిపోదు. ఆండ్రాయిడ్ కోసం ఎంపీ3 లేదా ఓజీజీ అనే రకం ఫైలుగా దాచుకోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోనులో ఆ ఫైలును అంతర్గత స్టోరేజీలో ఉన్న రింగ్‌టోన్స్, నోటిఫికేషన్స్, అలారమ్స్ అనే ఫోల్డర్లలో తగినదానిలో పెట్టాలి. ఆ ఫోల్డరు లేకపోతే అదే పేరును ఇంగ్లీషులో ఇచ్చి సృష్టించుకోవచ్చు. తరువాత సెట్టింగ్స్‌లో సౌండ్ విభాగం తెరిస్తే జాబితాలో మీ శబ్దం కనిపిస్తుంది. కనిపించకపోతే ఫోనును ఒకసారి ఆపి వెలిగించండి. పెట్టిన ఫైలును తరువాత తొలగించవద్దు, వేరే చోటికి మార్చవద్దు. అలా చేస్తే మీరు ఎంచుకున్న శబ్దం పోయి పాతదే తిరిగి రావచ్చు.

ఇక్కడ చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది: సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ శబ్దం మార్చినా ఒక యాప్ మాత్రం తన సొంత శబ్దంతోనే మోగుతూ ఉంటుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లను ఛానెళ్లుగా, అంటే రకాలవారీగా, విడదీస్తుంది, ఒక్కో ఛానెల్‌కు విడిగా శబ్దం ఉంటుంది. ఆ యాప్ నుంచి నోటిఫికేషన్ వచ్చినప్పుడు దానిపై వేలు కాసేపు అదిమి ఉంచి, సెట్టింగ్స్ గుర్తును తాకి, ఆ ఛానెల్ లోపల శబ్దం మార్చాలి. ఒకసారి మీరు మార్చిన తరువాత దానిని యాప్ తనంతట తాను తిరిగి మార్చలేదు. వాట్సాప్‌లో అయితే వ్యక్తుల సందేశాలకు ఒకటి, గ్రూపులకు ఒకటి పెట్టుకునే వీలు యాప్ సెట్టింగ్స్‌లోనే ఉంది. గ్రూపులకు నిశ్శబ్దమే మంచిదని నా అనుభవం.

ఐఫోనులో సెట్టింగ్స్‌లోని సౌండ్స్ అండ్ హ్యాప్టిక్స్ విభాగంలో ఈ పనులు జరుగుతాయి. సొంత రింగ్‌టోన్ కావాలంటే గ్యారేజ్‌బ్యాండ్ అనే ఆపిల్ సంగీత యాప్‌లో ఫైలును చేర్చి, 30 సెకన్లకు మించకుండా కత్తిరించి, షేర్ చేసేటప్పుడు రింగ్‌టోన్‌గా ఎంచుకోవచ్చు. 2023లో ఐఫోనును నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చినప్పుడు సాధారణ నోటిఫికేషన్ శబ్దం మారిపోయి చాలామందికి సరిగా వినిపించలేదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 17.2 నుంచి డీఫాల్ట్ అలర్ట్స్ అనే చోట దానిని మార్చుకునే అవకాశం ఇచ్చారు.

రెండు రకాల ఫోన్లలోనూ కాంటాక్ట్స్‌లో ఒక మనిషి పేరు తెరిచి విడిగా రింగ్‌టోన్ పెట్టవచ్చు. ఐదారుగురికి మించి పెడితే ఏది ఎవరిదో గుర్తుండదు. ఐఫోనులో ఆ రింగ్‌టోన్ ఎంచుకునే చోటే ఎమర్జెన్సీ బైపాస్ అనే మీట ఉంటుంది; దానిని వేస్తే ఫోను సైలెంట్‌లో ఉన్నా ఆ మనిషి కాల్ మోగుతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల నంబరుకు దానిని తప్పక వేసి ఉంచండి.

అన్నీ పెట్టిన తరువాత ఫోనును సంచిలో వేసి, ఫ్యాను తిరుగుతున్న గదిలో ఉంచి, మరో గదిలోంచి కాల్ చేసి చూడండి. అక్కడికి వినిపించకపోతే వాల్యూమ్ పెంచే ముందు శబ్దాన్నే మార్చి చూడండి.