టీఎంటీ షీటు చదువుదాం – 4: బీపీ పడింది సరే, ఎక్కడ నుంచి పడింది?

టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష. ఈసారి ఎస్టీ మార్పులు (ఈసీజీ గీతలో వచ్చే మార్పులు) మొదలుపెట్టాలి. పోయిన పాఠం చివర ఇచ్చిన షీటుకు వచ్చిన జవాబులు చూశాక అది వాయిదా వేశాను. ఎక్కువమంది పడని చోట బీపీ పడిందన్నారు, నిజంగా పడిన చోటును దాటేసి వెళ్లిపోయారు. అదే షీటు మళ్లీ ముందేసుకోండి.

54 ఏళ్ల మగమనిషి, మందులేమీ వాడడం లేదు, బ్రూస్ ప్రోటోకాల్ (మూడు నిమిషాల స్టేజీలుగా బెల్టును కష్టం చేస్తూ పోయే పద్ధతి). పడుకోబెట్టి చూస్తే బీపీ 158/92. నిలబడ్డాక 138/86, గుండె వేగం 88. మొదటి స్టేజీ చివర 146/86, వేగం 112. రెండో స్టేజీ చివర 164/84, వేగం 134. ఎనిమిదో నిమిషం దాటాక 150/84, వేగం 142, ‘ఎద బరువుగా ఉంది సార్’ అన్నాడు, ఆపేశారు. నెమ్మదిగా నడిపిస్తూ ఒక నిమిషం తర్వాత చూస్తే వేగం 134.

మీలో చాలామంది 158 నుంచి 146కు వచ్చింది కాబట్టి డ్రాప్ అని రాశారు. కాదు. వైర్లు అంటించుకుని బల్ల మీద పడుకున్న మనిషికి భయం ఉంటుంది, ఆ 158లో కొంత భయమే. పోల్చాల్సింది బెల్టు పక్కన నిలబెట్టి తీసిన 138తో. అక్కడి నుంచి 146, 164 అంటే పైబీపీ పెరుగుతూనే ఉంది. మామూలుగా ఒక్కో మెట్‌కు (ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి పట్టే శ్రమ ఒక మెట్) పది మిల్లీమీటర్లు పెరుగుతుందనుకుంటే ఈయనది మందకొడి పెరుగుదలే, కానీ పెరుగుదలే. కింది బీపీ అలాగే ఉండడం, కొంచెం తగ్గడం మామూలే.

(మెట్స్ అంటే కొండ మెట్లు కావు. ‘అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినా’ అని పేషెంటు చెబితే దండం పెట్టండి, షీటులో మాత్రం బెల్టు మీద చేసినదే రాయండి. కొండదారిలో అలిసినప్పుడల్లా కూర్చోవచ్చు. బ్రూస్‌లో మూడు నిమిషాలకోసారి వేగమూ వాలూ రెండూ పెరుగుతాయి.)

అసలు డ్రాప్ 164 నుంచి 150కి. పని పెరుగుతుంటే పైబీపీ పది మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పడింది, పైగా ఎదలో బరువు. ఈ రెండూ కలిస్తే ‘ఇంకొక్క నిమిషం’ అనే మాటే లేదు, ఆపాల్సిందే. నిలబడి తీసిన 138 కంటే కూడా కిందికి దిగి ఉంటే ఇంకా ప్రమాదం. అందుకే డాక్టరు గదిలో లేకుండా బెల్టు ఆన్ చేయొద్దని మొదటి పాఠంలోనే చెప్పాను.

అయితే ఆ 14 మిల్లీమీటర్లు నిజమేనా? నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే. చేయి గుండె ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే బీపీ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. రెండో స్టేజీలో చేయి వేలాడదీసి, మూడో స్టేజీలో పైకెత్తి పట్టుకుంటే సగం డ్రాప్ మీరే తయారు చేసినట్టు. రాడ్డు పట్టుకున్న చేతికి కఫ్ కట్టి చూస్తే ఆ బిగింపుకు అంకె పెరుగుతుంది, చప్పుడూ సరిగా వినబడదు. పరుగులో ఆటోమేటిక్ మిషన్‌ను నేను నమ్మను. స్టెత్ గంటను మోచేతి మడత దగ్గర ముందే టేపుతో అంటించండి. స్టేజీలో రెండు నిమిషాల పదిహేను సెకన్లకు గాలి ఎక్కించడం మొదలుపెట్టండి. ఆ చేతిని రాడ్డు నుంచి తీయించి, చాచి, మీ చేతి మీద ఆనించుకుని గుండె ఎత్తులో ఉంచండి. చప్పుడు సున్నా దాకా వినబడుతుంటే, అది మందగించిన చోటే కింది బీపీ. అంకె పడిందనిపిస్తే వెంటనే ఇంకోసారి చూడండి, ఈలోపు డాక్టరుకు చెప్పేయండి. రెండో రీడింగు కోసం మాట దాచకండి.

ఇక గుండె వేగం. 220లో వయసు 54 పోతే 166, ఆ వయసుకు గరిష్ఠ వేగం అదని లెక్క, అందులో 85 శాతం 141. ఈయన 141 దాటాడు కాబట్టి ‘టార్గెట్ వచ్చింది, టెస్టు పూర్తి’ అని తీర్పిచ్చారు. 220 లెక్క సగటు మాత్రమే, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. పైగా 85 శాతం ఆపడానికి గీసిన గీత కాదు. నేను చూసేది రిజర్వు, అంటే నిలబడ్డప్పటి వేగం నుంచి గరిష్ఠం దాకా ఉన్న దూరంలో ఎంత వాడాడన్నది: 142లోంచి 88 తీస్తే 54, 166లోంచి 88 తీస్తే 78. 54ను 78తో భాగిస్తే 69 శాతం. 80కి తక్కువైతే వేగం చాలినంత పెరగలేదని అర్థం, బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లకు ఆ గీత 62. ఒకే మనిషి ఒక లెక్కలో పాస్, ఇంకో లెక్కలో ఫెయిల్. ఈయన్ను నొప్పితో మధ్యలో ఆపారు కాబట్టి ‘వేగం పెరగని గుండె’ అని ముద్ర వేయకండి, 69 అని రాసి వదిలేయండి.

ఆపాక మొదటి నిమిషంలో 142 నుంచి 134, ఎనిమిదే తగ్గింది. నెమ్మదిగా నడిపిస్తే 12కు మించి తగ్గాలి. ఆపగానే పడుకోబెడితే 18కి మించి తగ్గాలి. ఏది చేశారో షీటులో రాయకపోతే ఆ అంకె దండగ. పైబీపీ కూడా మూడో నిమిషానికి మొదటి నిమిషం కంటే దిగి ఉండాలి.

అన్నట్టు, ఒట్టి కాళ్లతో కొండెక్కినవాళ్లు బెల్టు మీదా అలాగే నిలబడతామంటారు. వద్దు, బూట్లు వేయించండి.

అభ్యాసం. 61 ఏళ్ల ఆవిడ, ఆ పొద్దున అటెనొలాల్ అనే బీటా బ్లాకర్ వేసుకుంది. నిలబడి 150/88, వేగం 64. ఆరు నిమిషాల ఇరవై సెకన్లకు కాళ్లు లాగుతున్నాయని ఆపారు: 198/88, వేగం 112. ఒక నిమిషానికి 184/84, వేగం 96. మూడో నిమిషానికి పైబీపీ 188. ఆడవాళ్లలో 190 దాటితే అతిగా పెరిగినట్టు లెక్క. టార్గెట్, రిజర్వు శాతం, రికవరీ మూడూ కట్టండి. షీటులో ఒక సంగతి కావాలనే రాయలేదు, అది లేకుండా ఒక ప్రశ్నకు జవాబు రాదు. ఏ ప్రశ్నకో, ఏ సంగతో రాయండి.