డాంకస్టర్‌లో ఉదయం, యార్క్‌లో సాయంత్రం: రైళ్లను చూడడానికే ఒక రైలు ప్రయాణం

బ్రిటన్‌లో ప్లాట్‌ఫారం చివర నిలబడి వచ్చే పోయే ఇంజన్ల నంబర్లు రాసుకునే వ్యాపకం అంతకుముందు నుంచీ ఉన్నదే అయినా, 1942లో ఇయన్ అలన్ అనే ఆయన అక్కడి సదరన్ రైల్వే ఇంజన్ల జాబితాను జేబులో పట్టే పుస్తకంగా అచ్చువేసిన తరువాత అది ఊరూరా పాకింది. 1968లో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్లను మానుకున్నా వ్యాపకం ఆగలేదు. చదువుకో ఉద్యోగానికో ఆ దేశంలో ఉంటున్నవారు, లేదా కొద్ది రోజుల కోసం వెళ్లినవారు, ఇలాంటి ఒక రోజును ఎలా ఏర్పాటు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. అన్నిటికంటే ముందు చెప్పవలసినది, రోజుకు రెండు స్టేషన్లు చాలునని. కొత్త స్టేషన్‌లో ఏ లైను ఎటు పోతుందో, ఆగని బండి ఏ పట్టాల మీదుగా దూసుకుపోతుందో, గూడ్సు బండిని ఎక్కడ నిలిపి ఉంచుతారో తెలుసుకోవడానికే గంట పడుతుంది. ఐదారు స్టేషన్లు చుట్టివచ్చేవారికి ఆ గంట ఎక్కడా దొరకదు. వారి రోజంతా తాము ఎక్కిన బండి లోపలే గడిచిపోతుంది.

నేను సూచించే జంట డాంకస్టర్, యార్క్. రెండూ లండన్ నుంచి ఎడిన్‌బరోకు పోయే ఈస్ట్ కోస్ట్ ప్రధాన మార్గం మీద, ఒకదానికొకటి సుమారు 52 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వేగంగా పోయే బండికి అరగంట కూడా పట్టదు. డాంకస్టర్ దగ్గర లీడ్స్, షెఫీల్డ్, హల్, స్కంథార్ప్, లింకన్ దారులు చీలుతాయి కాబట్టి అక్కడ వైవిధ్యం ఎక్కువ. గ్రేట్ నార్తర్న్ రైల్వే 1853లో నెలకొల్పిన వర్క్‌షాపు కూడా ఆ ఊరిదే. 1923లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్, 1938లో మల్లార్డ్ ఇంజన్ అక్కడే తయారయ్యాయి.

రోజు ఎంపికలో పొరపాటు చేస్తే మిగిలిన ఏర్పాట్లు ఎంత బాగున్నా ఫలితం ఉండదు. గూడ్సు బళ్లు పనిదినాల్లోనే ఎక్కువగా నడుస్తాయి, శనివారం పలచబడతాయి. ఆదివారం పట్టాల మరమ్మతుల వల్ల మార్గాలు మూసివేసి, రైలుకు బదులు బస్సు నడిపే సందర్భాలు తరచుగా ఉంటాయి. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి అన్ని విధాలా మేలు.

టికెట్ విషయంలో చవకదనం ఒక్కటే చూడకూడదు. అడ్వాన్స్ రకం టికెట్ తక్కువ ధరకు దొరుకుతుంది గానీ, అది ఆ టికెట్ మీద రాసిన బండికే చెల్లుతుంది, మధ్యలో దిగి ఆగడానికి వీలుండదు. మనకు కావలసిన స్వేచ్ఛ ఆఫ్ పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల్లో చెల్లే రానుపోను టికెట్) లాంటివాటిలో ఉంటుంది. వీటిలో చాలావాటితో దారిలో దిగి మళ్లీ ఎక్కవచ్చు. కొన్నిటికి మినహాయింపులు ఉన్నందున కొనే ముందు షరతులు చదవాలి. ఒకే కంపెనీ బళ్లకు పరిమితమైన టికెట్లు కూడా అమ్ముతారు. డాంకస్టర్, యార్క్ మధ్య వేర్వేరు కంపెనీల బళ్లు నడుస్తాయి కాబట్టి అలాంటివి కొనకపోవడమే మంచిది. అర్హత ఉన్నవారికి రైల్‌కార్డు అనే రాయితీ కార్డు మీద మూడింట ఒక వంతు తగ్గింపు వస్తుంది, అయితే కొన్ని రైల్‌కార్డులు ఉదయపు రద్దీ వేళల్లో చెల్లవు.

బండి రాకముందే దానిని చదవడం

ఇక అసలు తయారీ ముందు రోజు రాత్రి జరగాలి. ప్రయాణికుల టైంటేబుల్‌లో గూడ్సు బళ్లు ఉండవు, ఆగకుండా పోయే బళ్లు ఏ వేళకు దాటుతాయో కూడా ఉండదు. రియల్‌టైమ్ ట్రెయిన్స్ అనే వెబ్‌సైట్‌లో స్టేషన్ పేరు ఇచ్చి వివరమైన పట్టికను ఎంచుకుంటే, రైల్వే సిబ్బంది వాడే అంతర్గత టైంటేబుల్ అరనిమిషాలతో సహా కనిపిస్తుంది. అందులో ప్రతి బండికీ నాలుగు అక్షరాంకెల గుర్తు ఉంటుంది. దానిని అర్థం చేసుకోగలిగినవారికి ప్లాట్‌ఫారం మీద నిరీక్షణ విసుగు పుట్టించదు.

గుర్తులోని మొదటి అంకె బండి తరగతి. 1 అంటే ఎక్స్‌ప్రెస్, 2 అంటే మామూలు ప్రయాణికుల బండి, 5 అంటే ప్రయాణికులు లేకుండా ఖాళీగా పోయే పెట్టెలు, 0 అంటే ఏ బండినీ లాగకుండా ఒంటరిగా పోయే ఇంజన్. 4 నుంచి మొదలయ్యేవి గంటకు 75 మైళ్ల దాకా, అంటే సుమారు 120 కిలోమీటర్ల వేగంతో పోగల గూడ్సు బళ్లు. ఇవి ఎక్కువగా కంటైనర్లు మోస్తాయి. 6 అయితే 60 మైళ్లు, 7 అయితే 45, 8 అయితే 35. రెండో స్థానంలో ఉండే అక్షరం గమ్యాన్ని సూచిస్తుంది. దూరప్రాంతాల మధ్య నడిచే బళ్లలో ఎస్ అంటే స్కాట్లండ్, ఈ అంటే తూర్పు ప్రాంతం, వి అంటే పశ్చిమ ప్రాంతం, ఎల్ అంటే ఆంగ్లియా. కనుక 4ఈ అని మొదలయ్యే బండి ఆంగ్లియాలోని ఫీలిక్స్‌టో రేవు నుంచి డాంకస్టర్‌కు కంటైనర్లు తెచ్చేది కావచ్చు. అదే పెట్టెల వరుస తిరిగి పోయేటప్పుడు 4ఎల్ అవుతుంది. చివరి రెండు అంకెలు ఆ బండిని తక్కినవాటి నుంచి వేరుచేసేవి మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పట్టికలో కనిపించే గూడ్సు బళ్లన్నీ రావు. అవసరమైతేనే నడిపే బళ్లకు కూడా ముందుగానే వేళ కేటాయించి ఉంచుతారు. సరుకు లేని రోజు అవి కదలవు. అందుచేత రాత్రి రాసుకున్న జాబితాను ఉదయం మళ్లీ సరిచూసి, బయలుదేరే స్థలం నుంచి నిజంగా కదిలిన బళ్లకే గుర్తు పెట్టుకోవాలి. ఓపెన్ ట్రెయిన్ టైమ్స్ వెబ్‌సైట్‌లోని పట్టాల పటాలు బండి ఏ సిగ్నల్ దగ్గర ఉందో చూపిస్తాయి. వాటికి అతుక్కుపోతే ఎదుట పోయే బండి తప్పిపోతుందని వేరే చెప్పనక్కరలేదు.

నంబర్లలో ఏముంది

బ్రిటిష్ రైల్ 1973 నుంచి అమలుచేసిన పద్ధతిలో ఇంజన్ నంబరుకు ఐదు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ ఇంజన్ తరగతి, అంటే దాని నమూనా; తక్కిన మూడూ వరుస సంఖ్య. 66తో మొదలయ్యే డీజిల్ ఇంజన్లు 1998 నుంచి ఉత్తర అమెరికా నుంచి దిగుమతి అయ్యాయి. గూడ్సు బళ్ల ముందు రోజంతా ఇవే కనబడుతుంటే కొంతమంది నిట్టూరుస్తారు. నాకు మాత్రం వాటి మధ్య తేడాలు వెతకడమే ఆసక్తికరంగా ఉంటుంది. ఈ తరగతిలో చివరిదైన 66779ని 2016లో ఆకుపచ్చ రంగులో ముస్తాబుచేసి, దేశంలో బ్రిటిష్ రైల్వే కట్టిన ఆఖరి ఆవిరి ఇంజన్ పేరైన ఈవెనింగ్ స్టార్‌నే దానికీ పెట్టారు.

ఇంజన్ విడిగా లేకుండా పెట్టెలతో కలిసే ఉండే బళ్లకు ఆరు అంకెల నంబర్లు ఉంటాయి. ఎల్ఎన్ఈఆర్ (లండన్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) కంపెనీ అజూమా అని పిలిచే 65 బళ్లు బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ, నంబరు చూస్తే నాలుగు రకాలుగా తేలుతాయి. 8001, 8012 అని మొదలయ్యేవి 9 పెట్టెలవి; 8002, 8011 అని మొదలయ్యేవి 5 పెట్టెలవి. 800 తరగతి బండి పైన కరెంటు తీగ లేని చోట డీజిల్‌తో కూడా నడుస్తుంది, 801 తరగతి కరెంటు మీదే ఆధారపడుతుంది. లూమో కంపెనీ నీలిరంగు బళ్లు 803 తరగతివి. 2021 అక్టోబరులో మొదలైన ఈ సర్వీసు మన రెండు స్టేషన్లలోనూ సాధారణంగా ఆగదు, కాబట్టి వాటి నంబరు పట్టడానికి కన్ను చురుకుగా ఉండాలి. పైన తీగ ఉన్నా కింద డీజిల్‌తో ఉరుముకుంటూ పోయే గ్రాండ్ సెంట్రల్ కంపెనీ వారి 180 తరగతి బళ్లు వినికిడికే తెలిసిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినవి 91 తరగతి విద్యుత్ ఇంజన్లు. వాటి స్థానంలోకి రావలసిన కొత్త బళ్లకు 2023లోనే ఆర్డరు ఇచ్చారు. 91010 నంబరుగల ఇంజన్ 1989 సెప్టెంబరులో గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ తరగతికి తరువాత నంబర్లు మార్చినప్పుడు అదే 91110 అయింది. ఈ తరగతి ఇంజన్లు నడిపే బళ్లకు ఇంజన్ ఉత్తరపు కొసన ఉంటుంది, లండన్ కొసన డ్రైవరు గది ఉన్న సామాను పెట్టె మాత్రమే ఉంటుంది. కనుక లండన్ వైపు పోయే బండి ముందుభాగం చూసి ఇంజన్ రాలేదని నోటుబుక్ మూసేయకూడదు. అది వెనక నుంచి నెట్టుకుంటూ వస్తుంది.

ఎక్కడ, ఎలా నిలబడాలి

స్టేషన్‌లో దిగగానే సిబ్బందిలో ఒకరికి మీరు రైళ్లను చూడడానికి వచ్చారని చెప్పడం మర్యాదే కాదు, రైల్వేవారు కోరేది కూడా. పట్టాల వైపు పోకుండా పసుపు గీతకు వెనకే ఉండాలి; ప్లాట్‌ఫారం చివర వాలుగా పట్టాల్లోకి దిగే చోటు దాకా పోకూడదు. ఫ్లాష్ ఎంతమాత్రం వాడరాదు, ఎందుకంటే అది డ్రైవరు కళ్లను మిరుమిట్లు గొలుపుతుంది, సిగ్నల్ చూడవలసిన క్షణంలో అది ప్రమాదకరం. పట్టాల మీద పనిచేసేవారు తొడుక్కునే మెరిసే పసుపు, నారింజ రంగుల జాకెట్ల వంటివి వేసుకోవద్దని కూడా నియమం ఉంది. డ్రైవరు మిమ్మల్ని సిబ్బంది అనుకుని అయోమయపడతాడు. అనుమానాస్పదమైనది కనిపిస్తే రైల్వే పోలీసులకు 61016 నంబరుకు సందేశం పంపవచ్చు.

ఫొటోలు తీసేవారు సూర్యుడి సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఈ మార్గం స్థూలంగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు. అందుచేత ఉత్తరం నుంచి లండన్ వైపు వచ్చే బండి ముఖం వెలుగులో ఉంటుంది, ఉత్తరానికి పోయే బండి ముఖం నీడలో పడుతుంది. ఉదయం తూర్పు వైపు, మధ్యాహ్నం తరువాత పడమటి వైపు నిలబడితే బండి పక్కభాగం కూడా బాగా వస్తుంది. రెండు కొసలూ ఒకేలా ఉండే అజూమాను దాటిపోయాక వెనక నుంచి తీసినా నష్టం లేదు. 91 తరగతి ఇంజన్ ముక్కు ఎప్పుడూ ఉత్తరానికే ఉన్నందున దానికి మంచి వెలుగు కావాలంటే, సూర్యుడు వాయవ్యానికి వాలే వేసవి సాయంత్రం దాకా ఆగవలసిందే.

దుస్తుల విషయం ఒక్క మాటలో: ప్లాట్‌ఫారం చివర పైకప్పు ఉండదు, జూన్‌లో కూడా గాలి చలిగా ఉంటుంది. తడిసిన కాగితం మీద పెన్ను మొరాయిస్తుంది, పెన్సిల్ రాస్తుంది.

మధ్య ప్రయాణం, యార్క్

డాంకస్టర్ నుంచి మధ్యాహ్నానికి కదలడం మంచిది. ఉత్తరానికి పోయే బండిలో కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే టెంపుల్ హర్స్ట్ దగ్గర డ్రాక్స్ విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురాలు దూరంగా కనిపిస్తాయి. కలప గుళికలను ఆ కేంద్రానికి మోసే హాపర్ బళ్లు (అడుగు నుంచి సరుకు జారవిడిచే గూడ్సు పెట్టెలు) ఈ ప్రాంతంలో తరచుగా ఎదురవుతాయి. అక్కడి నుంచి కోల్టన్ జంక్షన్ వరకు బండి పరుగెత్తే మార్గం 1983లో కొత్తగా వేసినది. పాత దారి సెల్బీ ఊరి గుండా పోయేది. దాని కింద బొగ్గు గనులు తవ్వితే నేల కుంగుతుందన్న కారణంగా రైలు మార్గాన్నే పక్కకు మళ్లించారు. కోల్టన్ దగ్గర లీడ్స్ నుంచి వచ్చే లైన్లు కలుస్తాయి, అక్కడి నుంచి యార్క్ దాకా పట్టాలు నాలుగు వరుసలు. పక్క లైను మీద గూడ్సు బండి ఉంటే దానిని దాటుకుంటూ పోయే ఆ కొద్ది నిమిషాల్లో ఇంజన్ నంబరు చదవడం ఒక సరదా పరీక్ష.

యార్క్ స్టేషన్ 1877లో తెరిచినది. వంపు తిరిగిన ఇనుప కమానుల కింద బళ్లు కూడా వంపు తిరిగే నిలబడతాయి కాబట్టి, ఇక్కడ పెట్టెలన్నీ ఒకే ఫొటోలో వస్తాయి. స్టేషన్‌కు నడక దూరంలోనే 1975లో తెరిచిన జాతీయ రైల్వే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. డాంకస్టర్‌లో పుట్టి, 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు నెలకొల్పిన మల్లార్డ్, 2001లో జపాన్ నుంచి వచ్చిన తొలితరం షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) పెట్టె అక్కడి సేకరణలో ముఖ్యమైనవి. అయినా మ్యూజియానికి గంటన్నర మించి ఇవ్వవద్దని నా అభిప్రాయం. నిలిచి ఉన్న ఇంజన్ రేపు కూడా అక్కడే ఉంటుంది, సాయంత్రపు రద్దీలో స్టేషన్ గుండా పోయే బళ్లు అలా నిలిచి ఉండవు. వర్షం పడితే మాత్రం ఈ లెక్కను తిరగేయవచ్చు.

నోటుబుక్‌లో ఒక్కొక్క బండికి ఒక్క పంక్తి చాలు: వేళ, స్థలం, నాలుగు అక్షరాంకెల గుర్తు, నంబరు, ఎటు పోయింది, ఎంత ఆలస్యం. జంట ఇంజన్లు ఉంటే ముందుది ముందు రాయాలి. చదవలేకపోయిన అంకె స్థానంలో ఊహించినది రాయకుండా ఖాళీ వదలాలి. ఆ బండి గుర్తూ వేళా ఉంటే తరువాత సరిచూసుకోవచ్చు, తప్పు నంబరు ఒకసారి జాబితాలో చేరితే దానిని పట్టుకోవడం కష్టం.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్లేవారు పట్టికలో 3తో మొదలయ్యే గుర్తుల కోసం కూడా వెతకాలి. రాలిన ఆకులు చక్రాల కింద నలిగి పట్టాల మీద జారుడు పొరగా అంటుకుంటాయి. దానిని అధిక పీడనపు నీటిధారతో కడిగే బళ్లు అవి. ఇవి రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు ప్లాట్‌ఫారం అంచు దాకా చిమ్మవచ్చు కాబట్టి, అవి వస్తున్నప్పుడు కెమెరాతో పాటు మీరు కూడా కొన్ని అడుగులు వెనక్కి జరగాలి.